అమ్ములపొది లెక్క: చారిత్రక యుద్ధ క్రీడల వ్యూహం, నాలుగవ పాఠం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకేచోట తడబడ్డారు. ‘రోమ్: టోటల్ వార్’ కంప్యూటర్ ఆటలో గుట్ట మీద రోమన్ సైన్యం నిలిచి ఉంటుంది, కిందినుంచి గాల్ సైన్యం ఎక్కి వస్తుంది. విలుకాళ్ళను ఎక్కడ నిలపాలో చెప్పాను, అందరూ అక్కడే నిలిపారు. అయినా గాల్ ఖడ్గధారులు గుట్ట సగం ఎక్కేసరికే అమ్ములపొదులు ఖాళీ అయ్యాయని, ఆపైన విలుకాళ్ళు తమంతట తామే గుట్ట దిగి కత్తులకు ఎదురువెళ్ళి తెగిపోయారని రాశారు. నిలిపిన చోటే తప్పేమోనని కొందరు దళాన్ని వెనక్కి జరిపి మళ్ళీ ఆడారు, ఫలితం మారలేదు. చోటు సరైనదే గనుక అది మారదు. సరఫరా బండ్ల గురించి ఈసారి విస్తరంగా చెప్పాలనుకున్నాను గానీ, చేతిలో ఉన్న బాణాలనే నిలుపుకోలేనివారికి బండి ఇచ్చి ప్రయోజనం లేదు కనుక దానిని చివరలో క్లుప్తంగా ముగిస్తాను.

మిగిలిన బాణాల సంఖ్య తెర మీద ఎక్కడ కనిపిస్తుందో, దళాన్ని ఎలా ఎంచుకోవాలో, ఆటను ఎలా ఆపి ఆజ్ఞలు ఇవ్వాలో ఇక్కడ వివరించను. మీరు ఆడే ఆటలో మందుగుండును అపరిమితం చేసే వీలుంటే మాత్రం ముందుగా దానిని తీసివేయండి. అక్షయ తూణీరం ఉన్నవాడికి ఈ పాఠంతో పని లేదు.

ఇక అసలు చిక్కు ‘ఫైర్ ఎట్ విల్’ అనే మీటలో ఉంది. విలుకాళ్ళ దళాలకు ఆట మొదలయ్యేటప్పటికే అది పెట్టి ఉంటుంది. అది ఉన్నంతసేపు మీ విలుకాళ్ళు తమ అందుబాటులోకి మొదట ఎవరు వస్తే వారి మీదే బాణాలు వేస్తారు. మొదట వచ్చేవారు ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఏ సేనాపతీ తన మేలైన పదాతిని ముందుగా పంపడు. ఈటెలు విసిరే తేలిక దళాలు, చెదురుగా నిలిచి, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంచుకొని ముందు వస్తాయి. ఆ ఎడం వల్ల మీ బాణాల్లో అధిక భాగం ఖాళీ నేలలో దిగబడుతుంది. పెళ్ళిలో మొదటి బంతికే గారెలన్నీ వడ్డించేసి, మగపెళ్ళివారు కూర్చునే వేళకు ఖాళీ గంగాళం చూపినట్టు, అసలు ఖడ్గధారులు వచ్చేసరికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇంతమంది విలుకాళ్ళు ఉండి కూడా శత్రువు పలచబడలేదేమని అడిగినవారు, యుద్ధం ముగిశాక వచ్చే పట్టికలో ఆ విలుకాళ్ళు చంపినవారి సంఖ్యను చూసి ఉంటే జవాబు అక్కడే దొరికేది.

మీటను తీసివేసినంత మాత్రాన పని పూర్తి కాదు, ఇందులో మరో రెండు మడతలు ఉన్నాయి. ఫలానా దళాన్ని కొట్టమని మీరు ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆ దళం అందుబాటు దాటి పోతే, మీ విలుకాళ్ళు ఆజ్ఞను వదిలిపెట్టకుండా దాని వెంట నడుస్తారు. గుట్ట మీద ఉండవలసిన దళం మైదానంలో ఒంటరిగా కనిపించడానికి కారణం అదే. అంతకన్నా ప్రమాదమైనది రెండవ మడత: కొట్టమన్న ఆజ్ఞ అమలులో ఉండగా బాణాలు అయిపోతే, వారు విల్లు వదిలి చిన్న కత్తి దూసి అదే శత్రువు మీదికి పరుగెత్తుతారు. వారి దృష్టిలో ఆజ్ఞ ఇంకా రద్దు కాలేదు. మీరంతా ‘తమంతట తామే’ అని రాసిన సంఘటన ఇదే. ఆ ఆజ్ఞ ఇచ్చింది మీరే. కాబట్టి అమ్ములపొదిలో కొద్ది బాణాలు మిగిలి ఉండగానే ఆజ్ఞను ఆపి, దళాన్ని పదాతి వెనకకు తెచ్చుకోండి. యుద్ధం ముగిశాక బాణాలు మళ్ళీ పూర్తిగా నిండుతాయి గనుక రేపటి కోసం దాచనవసరం లేదు, కానీ ఆ చివరి విడత బాణాలను ప్రత్యర్థి పదాతి పూర్తిగా చిక్కుకుపోయిన తరువాత వెనకనుంచి వాడే అవకాశం ఉంటుంది.

మీట తీయవలసిన అవసరం లేనివారు కూడా ఉన్నారు. హస్తాతి వంటి రోమన్ పదాతి దళాలు తమ ఈటెలను చాలా దగ్గరనుంచే విసురుతాయి కాబట్టి వృథా తక్కువ, వారికి దానిని అలాగే ఉంచండి. నేనైతే యుద్ధం ఆరంభం కాకముందే అన్ని దళాలనూ కలిపి ఎంచుకొని మీట తీసివేసి, ఆ తరువాత ఈటెల దళాలకు మాత్రమే తిరిగి పెడతాను. మొదటి పది నిమిషాలు ఆటను తరచుగా ఆపుతూ ఆడటం కొందరికి చిన్నతనంగా తోస్తుంది, నాకు తోచదు.

ఈ మీట కథ చరిత్రలోనే జరిగింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలై 3న గెటిస్‌బర్గ్‌లో దక్షిణ రాష్ట్రాల సైన్యం సుమారు 150 ఫిరంగులతో ఉత్తరాది పంక్తులపై కాల్పులు ప్రారంభించింది. ఉత్తరాది ఫిరంగి దళాల అధిపతి హెన్రీ హంట్‌కు, ఈ కాల్పుల వెనక పదాతి దాడి రాబోతోందని తెలుసు. అందువల్ల గుండ్లను ఆ దాడి కోసం దాచుకోవాలని, జవాబుగా తొందరపడి కాల్చవద్దని ఆదేశించి, కొంతసేపటి తరువాత కాల్పులను పూర్తిగా ఆపించాడు. అదే సైన్యంలో రెండవ కోర్ అనే పెద్ద విభాగానికి అధిపతి అయిన హాంకాక్ మాత్రం తన పదాతి సైనికుల ధైర్యం సడలిపోతుందని భావించి, తన పరిధిలోని ఫిరంగులను కాలుస్తూనే ఉండమన్నాడు. అదే ఉత్తరాది పంక్తిలో దక్షిణపు వైపు ఫిరంగులను నడిపిన మెక్‌గిల్వరీ, హాంకాక్ ఆజ్ఞను పట్టించుకోక తన ఫిరంగులను మౌనంగా ఉంచాడు. దక్షిణాది సేనాని పికెట్ దళాలు మైదానం దాటి రాసాగినప్పుడు రెండవ కోర్ ఫిరంగుల వద్ద దూరం కొట్టే గుండ్లు అయిపోయి, శత్రువు దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. మెక్‌గిల్వరీ ఫిరంగులు మాత్రం ఆ పంక్తిని పక్కనుంచి చీల్చాయి. అటువైపు ఫిరంగులను నడిపిన అలెగ్జాండర్ పరిస్థితి ఇంకా దయనీయం: త్వరగా కదలకపోతే మందుగుండు చాలక మీకు అండగా కాల్చలేనని పికెట్‌కు చీటీ పంపవలసి వచ్చింది. హంట్ మౌనాన్ని చూసి ఉత్తరాది ఫిరంగులు దెబ్బతిన్నాయని దక్షిణాదివారు పొరబడటం, హంట్‌కు అదనంగా దక్కిన లాభం. మనుషులు ఆడే ప్రత్యర్థి మీద ఈ మౌనం ఈనాటికీ పనిచేస్తుంది, యంత్రం మీద అంతగా పనిచేయదు.

ఎప్పుడు కొట్టకూడదో తెలిసింది కనుక, ఎవరిని కొట్టాలో చూద్దాం. ‘రోమ్’లో డాలు సైనికుడి ముందు భాగాన్నీ ఎడమ వైపునూ కాస్తుంది, కుడి వైపు, వెనక భాగం దానికి అందవు. అందుచేత ఒకే దళం మీద ఎదురుగా వేసిన బాణాలకూ కుడి వైపునుంచి వేసిన బాణాలకూ ఫలితంలో భేదం స్పష్టంగా కనిపిస్తుంది. డాళ్ళను తాబేటి చిప్పలా పైకీ పక్కలకూ పేర్చుకున్న రోమన్ దళం మీద ఎదురుగా బాణం వేయడం శుద్ధ దండగ. పారిపోతున్న దళం మీద కూడా వేయవద్దు, ఆ పని గుర్రాలది. మీ పదాతితో కలబడి ఉన్న శత్రువును వెనకనుంచి కొట్టవచ్చు గానీ, ఎదురుగా కొడితే సగం బాణాలు సొంతవారి వీపుల్లో దిగుతాయి. మంట బాణాలు నెమ్మదిగా పడతాయి, గురి తక్కువ, కానీ ధైర్యం సన్నగిల్లిన దళాన్ని పరుగెత్తించడానికి ఉపకరిస్తాయి. నేను వాటిని ఏనుగులు వచ్చినప్పుడు తప్ప వాడను.

సరఫరా బండి విషయం. ‘అల్టిమేట్ జనరల్: సివిల్ వార్’లో బండి తన చుట్టుపక్కల ఉన్న దళాలకు తూటాలు, గుండ్లు అందిస్తుంది, తానూ ఖాళీ అవుతుంది, శత్రువుకు చిక్కితే అతని ఆస్తి అవుతుంది. దానిని ఫిరంగుల పక్కనే వదిలిపెడితే ఎక్కువ భాగం అవే తినేస్తాయి గనుక, యుద్ధం ఎక్కడ తేలుతుందో అక్కడి పదాతి వెనకకు, రెండు దళాల నడుమకు నడిపించండి. బండి ఉన్నా అవసరమైన చోటికి చేరకపోతే ఏమవుతుందో 1815 జూన్ 18న వాటర్లూలో, నెపోలియన్ ఫ్రెంచి సైన్యాన్ని ఎదుర్కొంటూ లా హే సాంత్ అనే పొలం ఇంటిని కాపాడిన మేజర్ బారింగ్‌కు తెలుసు. అతని సైనికుల బేకర్ రైఫిళ్ళకు ప్రత్యేకమైన తూటాలు కావాలి. అతడు పలుమార్లు అడిగినా అవి రాలేదు, సాయంత్రానికి ఆ ఇల్లు ఫ్రెంచివారి వశమైంది. ఆటలో తూటాల రకాల బాధ లేదు కాబట్టి, దూరం ఒక్కటే మీరు చూసుకోవలసినది.

ఇప్పుడు అభ్యాసం. క్రీస్తుపూర్వం 53లో కర్హే వద్ద రోమన్ సేనాపతి క్రాసస్ తన దళాలతో డాళ్ళ వెనక నిలిచి, పార్థియన్ గుర్రపు విలుకాళ్ళ బాణాలు ఎప్పటికైనా అయిపోతాయని ఎదురుచూశాడు. వారి సేనాపతి సురేనా బాణాలు మోసే ఒంటెలను వెంట తెచ్చుకున్నాడు, అందువల్ల అవి అయిపోలేదు. ‘రోమ్’లో మీకు ఆ ఒంటెలు దొరకవు. ప్రత్యేక యుద్ధం ఎంచుకొని, పార్థియా పక్షాన గుర్రపు విలుకాళ్ళను ఎక్కువగా, కవచధారులైన గుర్రపు దళాలను రెండు మాత్రమే తీసుకోండి; ఎదుట కాలిబంట్లే ఉన్న రోమన్ సైన్యాన్ని పెట్టండి. ఆరంభంలోనే మీట తీసివేయాలి. ప్రతి విడత బాణాలూ కుడి వైపునుంచో వెనకనుంచో పడాలి, తాబేటి చిప్ప వ్యూహం మీద ఒక్కటీ పడకూడదు. కవచధారులను చూపి వారిని ఆ వ్యూహం విప్పేలా చేసి, విప్పిన క్షణంలో కొట్టి, తిరిగి దూరం జరగాలి. నాలుగవ వంతు బాణాలు మిగిలి ఉండగా రోమన్ సైన్యం పరుగెత్తాలి. ఇది ఒక్క రోజులో కుదరదు. ఓడినా ఫరవాలేదు గానీ, ప్రతి విలుకాళ్ళ దళానికీ మిగిలిన బాణాల సంఖ్యనూ అది చంపినవారి సంఖ్యనూ పక్కపక్కన రాసి పంపండి. గెలిచానని మాత్రమే రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబు ఇవ్వను.