వాయిద్యాలతో ఇంగ్లీషు, 6వ పాఠం: ‘వాయించడం’ అన్న మాటకు ఇంగ్లీషు రూపం

పోయిన పాఠాన్ని ‘టు’ దగ్గర ఆపాం. వాంట్ టు ప్లే, హోప్ టు లర్న్, డిసైడ్ టు జాయిన్. అప్పటి అభ్యాసంలో మూడో వాక్యం గుర్తుందా? ‘చెల్లి ఫ్లూట్ నేర్చుకోవాలని నిర్ణయించుకుంది.’ జవాబు: ‘మై సిస్టర్ డిసైడెడ్ టు లర్న్ ద ఫ్లూట్.’ మీరు ‘డిసైడెడ్ లర్నింగ్’ అని రాసి ఉంటే కొట్టేయకండి, పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. అదెందుకు తప్పో ఈ పాఠం మధ్యలో మీకే తెలిసిపోతుంది.

ఎప్పటిలాగే ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, పైకి చదువుకోవడానికి వీలుగా. నోటుబుక్కులో మాత్రం ఇంగ్లీషు లిపిలోనే రాయండి.

ఈసారి విషయం జెరండ్. పేరు కొత్తగా ఉన్నా పని పాతదే. క్రియకు ‘ఇంగ్’ తగిలించి, దాన్ని ఒక వస్తువు పేరు వాడినట్టు వాడితే అది జెరండ్. మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుగులో మనం చేస్తున్న పనే ఇది. వాయించు అన్న క్రియకు ‘డం’ తగిలిస్తే వాయించడం. మీటడం, ఊదడం, పాడడం, వినడం కూడా అలా వచ్చినవే. ఇంగ్లీషులో ప్లేయింగ్, ప్లకింగ్, బ్లోయింగ్, సింగింగ్, లిజనింగ్.

తెలుగులో వీణ మీటుతాం, వేణువు ఊదుతాం, మృదంగం వాయిస్తాం. ఇంగ్లీషులో అన్నింటికీ ప్లే ఒక్కటే చాలు. వాయిద్యం పేరుకు ముందు సాధారణంగా ‘ద’ వస్తుంది: ప్లేయింగ్ ద వీణ, ప్లేయింగ్ ద ఫ్లూట్.

చిక్కల్లా ఎక్కడంటే, తెలుగులో మూడు వేరువేరు తోకలున్న చోట ఇంగ్లీషులో ఒక్కటే తోక. వాయించడం, వాయిస్తున్న, వాయిస్తూ. మూడూ ప్లేయింగే. ‘ద బాయ్ ప్లేయింగ్ ద డ్రమ్ ఈజ్ మై బ్రదర్’ అంటే డ్రమ్ వాయిస్తున్న అబ్బాయి మా తమ్ముడు. ఇక్కడ ప్లేయింగ్ అబ్బాయిని వర్ణిస్తోంది, జెరండ్ కాదు. ‘ప్లేయింగ్ ద డ్రమ్ ఈజ్ హిజ్ హాబీ’ అంటే డ్రమ్ వాయించడం వాడి హాబీ. ఇది జెరండ్. కాబట్టి ‘ఇంగ్’ కనబడగానే దాన్ని తెలుగులోకి తెచ్చి చూడండి. ‘డం’ వస్తే జెరండ్. ‘తున్న’, ‘తూ’, ‘తున్నాడు’ వస్తే కాదు. చాలా వ్యాకరణ పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పే తేడాను తెలుగు చెవి క్షణంలో పట్టేస్తుంది.

ట్యూనింగ్ ఫోర్క్ తెలుసు కదా, సైన్సు పుస్తకంలో శ్రుతిదండం. 1711లో జాన్ షోర్ అనే ట్రంపెట్ విద్వాంసుడు దాన్ని తయారుచేశాడు. ఈ ట్యూనింగ్ ఏమిటి? ‘శ్రుతి చేస్తున్న ఫోర్కు’ అంటే అర్థం లేదు, ఫోర్కు తనంతట తాను ఏదీ శ్రుతి చేయదు. శ్రుతి చేయడం కోసం వాడే ఫోర్కు. ‘డం’ వచ్చింది, అంటే జెరండ్. అదే సింగింగ్ బర్డ్ అయితే పాడుతున్న పక్షి, జెరండ్ కాదు. పలికేటప్పుడు కూడా తేడా వినబడుతుంది. ట్యూనింగ్ ఫోర్క్‌లో బలం మొదటి మాట మీద పడుతుంది, సింగింగ్ బర్డ్‌లో బర్డ్ కూడా గట్టిగా పలుకుతుంది. రెండూ నాలుగైదు సార్లు పైకి అనండి.

ఇక వాక్యం మొదట్లో జెరండ్. ‘వీణ వాయించడం కష్టం.’ తెలుగులో ఇది నిండు వాక్యం, క్రియ అక్కర్లేదు. అందుకే చాలామంది ‘ప్లేయింగ్ ద వీణ డిఫికల్ట్’ అని ఆపేస్తారు. ఇంగ్లీషులో ‘ఈజ్’ లేకపోతే వాక్యం కూలిపోతుంది: ‘ప్లేయింగ్ ద వీణ ఈజ్ డిఫికల్ట్.’ ఇంకో జాగ్రత్త. ‘ప్లేయింగ్ స్కేల్స్ ఈజ్ యూస్‌ఫుల్.’ స్కేల్స్ అంటే ఇక్కడ స్వరాల వరసలు. బహువచనం కదా అని ‘ఆర్’ పెట్టకండి. ఉపయోగపడేది స్కేల్స్ కాదు, వాటిని వాయించడం. ఆ వాయించడం ఒక్క పనే.

ఇప్పుడు కాసేపు నా వయొలిన్ దగ్గర కూర్చోండి. పెట్టె తెరిచాను. కమాను చివర ఉన్న మరను తిప్పి వెంట్రుకలు బిగిస్తున్నాను. బిగించడం, టైటెనింగ్. ఆ వెంట్రుకల మీద రోజిన్ ముక్క రుద్దుతున్నాను, తెల్లటి పొడి వేళ్లకు అంటుతోంది. రుద్దడం, రబ్బింగ్. రోజిన్ లేకపోతే కమాను తీగ మీద జారిపోతుంది తప్ప పలికించలేదు. నాలుగు తీగల్లో ముందు ‘ఏ’ తీగ తీసుకుంటాను, దాని లక్ష్యం సెకనుకు 440 కంపనాలు. బిరడ తిప్పుతున్నాను. తిప్పడం, టర్నింగ్. ఊరికే తిప్పితే వదలగానే వెనక్కి జారుతుంది, అందుకని తిప్పుతూనే లోపలికి నొక్కాలి. నొక్కడం, పుషింగ్. స్వరం కొంచెం కింద ఉంది. ఇంకో వెంట్రుకవాసి. ఇప్పుడు కుదిరింది. ఇంతసేపూ చెయ్యి చేసిన పని కంటే చెవి చేసిన పనే ఎక్కువ. వినడం, లిజనింగ్. మొత్తం కలిపి శ్రుతి చేయడం, ట్యూనింగ్.

ఈ ఆరు మాటల్లోనే స్పెల్లింగ్ సూత్రాలు మూడూ ఉన్నాయి. ట్యూన్ చివర పలకని ‘ఈ’ ఉంటుంది, ‘ఇంగ్’ రాగానే అది పోతుంది. రబ్ లాంటి చిన్న మాటలో ఒకే పొట్టి అచ్చు, చివర ఒకే హల్లు ఉన్నాయి కాబట్టి ‘బీ’ రెండవుతుంది. స్ట్రమ్, డ్రమ్, హిట్ కూడా ఇంతే. టర్న్, పుష్ చివర రెండేసి హల్లులున్నాయి కాబట్టి మార్పేమీ లేదు. టైటెన్, లిజన్ మాటల్లో బలం మొదటి భాగం మీద ఉంది, అక్కడా చివరి హల్లు రెండవదు. అన్నట్టు, వయొలిన్ కమానును ‘బో’ అని పలకాలి. ‘బౌ’ అంటే వంగి నమస్కరించడం. కమాను నడిపే తీరు బోయింగ్. స్పెల్లింగ్ ఒకటే, పలుకు వేరు.

అసలైన భాగం ఇప్పుడు మొదలవుతుంది. కొన్ని క్రియల వెనక ‘ఇంగ్’, కొన్నింటి వెనక ‘టు’. జాబితా బట్టీ పట్టమని నేను చెప్పను. తెలుగు వాక్యం తోక చూడండి. ‘ఆలని’ అని ముగిస్తే ఇంగ్లీషులో దాదాపు ఎప్పుడూ ‘టు’: నేర్చుకోవాలని నిర్ణయించుకుంది, డిసైడెడ్ టు లర్న్. ఇందాకటి గుర్తు దగ్గరికి వెళ్లి ఇప్పుడు దిద్దుకోండి. ‘డం’ అని ముగిస్తే ఎక్కువగా ‘ఇంగ్’: వాయించడం మానేశాడు, గేవప్ ప్లేయింగ్. వాయించడం పూర్తిచేశాడు, ఫినిష్డ్ ప్లేయింగ్. వినడాన్ని ఆస్వాదిస్తాను, ఎంజాయ్ లిజనింగ్. ‘తూనే’ వచ్చినా ‘ఇంగే’: వాయిస్తూనే ఉన్నాడు, కెప్ట్ ప్లేయింగ్.

ఎక్కువగా అన్నాను, ఎప్పుడూ అనలేదు. ‘డం’ మనల్ని మోసం చేసే చోట్లలో రెండు బాగా గుర్తుంచుకోవాలి. ఒకటి నేర్చుకోవడం. ‘గిటార్ వాయించడం నేర్చుకున్నాను’ అన్నప్పుడు ‘ఐ లర్న్డ్ టు ప్లే ద గిటార్’ అనాలి. రెండోది మరచిపోవడం. ‘శ్రుతి చేయడం మరచిపోయాను’ అంటే ‘ఐ ఫర్గాట్ టు ట్యూన్ ఇట్’. చేయాల్సిన పని చేయలేదన్న మాట. దీనికి ఎదురుగా ‘ఐ విల్ నెవర్ ఫర్గెట్ హియరింగ్ ద సెల్లో’ అంటే సెల్లో విన్న సంగతి ఎన్నటికీ మరచిపోను. విన్నాను, ఆ జ్ఞాపకం పోదు. రిమెంబర్ కూడా ఇదే దారి. ‘ఐ రిమెంబర్ ట్యూనింగ్ ఇట్’ అంటే శ్రుతి చేసినట్టు గుర్తుంది. ‘రిమెంబర్ టు ట్యూన్ ఇట్’ అంటే గుర్తుపెట్టుకుని శ్రుతి చెయ్యి. అయిపోయిన పనికి ‘ఇంగ్’, చేయాల్సిన పనికి ‘టు’.

స్టాప్ దగ్గర తెలుగు మనకు ఇచ్చిన వరం ఒకటుంది. ఇంగ్లీషులో ఒక్క స్టాప్ చేసే పనికి మనకు ఆపు, ఆగు అని రెండు క్రియలున్నాయి. ‘షి స్టాప్డ్ ప్లేయింగ్’ అంటే వాయించడం ఆపింది. ‘షి స్టాప్డ్ టు ప్లే’ అంటే వాయించడానికి ఆగింది. దారిలో నడుస్తూ ఎక్కడో పియానో కనబడితే ఆగి, కూర్చుని వాయించిందన్న మాట. మొదటి వాక్యంలో సంగీతం ఆగిపోయింది, రెండో వాక్యంలో మొదలైంది. ఆపు అయితే ‘ఇంగ్’, ఆగు అయితే ‘టు’. పాఠం మొత్తంలో ఒక్క మాటే మిగలాలంటే ఇదే మిగలనివ్వండి.

స్టాప్ గురించి మాట్లాడుతుంటే స్వరకర్త బీథోవెన్ తలపుకు రాకుండా ఉండడు. తొమ్మిదో సింఫనీ 1824 మేలో వియన్నాలో తొలిసారి వినిపించినప్పుడు ఆయనకు దాదాపు ఏమీ వినబడదు. ‘బీథోవెన్ లాస్ట్ హిజ్ హియరింగ్, బట్ హి నెవర్ స్టాప్డ్ కంపోజింగ్.’ వినికిడి పోయింది, స్వరపరచడం ఆపలేదు. ఈ వాక్యాన్ని పైకి చదవండి, తర్వాత చూడకుండా రాయండి.

అందులో ‘హిజ్ హియరింగ్’ గమనించారా? ‘హి హియరింగ్’ కాదు. తెలుగులో ‘నేను వాయించడం’, ‘అతను పాడడం’ అంటాం, ఇంగ్లీషులో నా వాయింపు, అతని పాట అన్నట్టుగా ‘మై ప్లేయింగ్’, ‘హిజ్ సింగింగ్’ అనాలి. ‘నేను ఫ్లూట్ వాయిస్తే మీకు ఇబ్బందా?’ అని మర్యాదగా అడగాలంటే ‘డు యు మైండ్ మై ప్లేయింగ్ ద ఫ్లూట్?’ మాటల్లో ‘మై’ బదులు ఇంగ్లీషు ‘మీ’ పెట్టి ‘మీ ప్లేయింగ్’ అని కూడా వింటారు, అది తప్పేమీ కాదు. ‘ఐ ప్లేయింగ్’ మాత్రం ఎక్కడా చెల్లదు. ఇక వద్దు, కాదు అనాల్సి వస్తే తెలుగు క్రియ కడుపులోనే ‘క’ దూరుతుంది: వాయించకపోవడం. ఇంగ్లీషు క్రియను ముట్టుకోదు, ముందు ‘నాట్’ పెడుతుంది: నాట్ ప్లేయింగ్.

చివరిగా విభక్తుల్లాంటి చిన్న మాటలు: ఎట్, ఇన్, ఆఫ్, ఫర్, బై, వితౌట్, బిఫోర్, ఆఫ్టర్. వీటి వెనక క్రియ వస్తే ‘ఇంగ్’ తప్ప మరొకటి రాదు. వాయించడంలో దిట్ట, గుడ్ ఎట్ ప్లేయింగ్. తెలుగులో ‘డం’ కనబడకపోయినా సరే: వాయించే ముందు, బిఫోర్ ప్లేయింగ్; వాయించాక, ఆఫ్టర్ ప్లేయింగ్; వాయించకుండా, వితౌట్ ప్లేయింగ్. అడాల్ఫ్ సాక్స్ పేరు నిలిచింది 1846లో పేటెంట్ పొందిన వాయిద్యం వల్ల: ‘హి ఈజ్ రిమెంబర్డ్ ఫర్ ఇన్వెంటింగ్ ద సాక్సఫోన్.’

బై విషయంలో నాకు ఇష్టమైన ఉదాహరణ పియానోది. దానికి ముందు వచ్చిన హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే లోపల చిన్న మొన తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వనిలో పెద్ద తేడా ఉండదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో వాయిద్యాలు తయారుచేసే క్రిస్టోఫోరి మొన బదులు సుత్తి పెట్టాడు. వేలి బలాన్ని బట్టి సుత్తి తీగను కొడుతుంది, ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. ‘ద హార్ప్సికార్డ్ మేక్స్ సౌండ్ బై ప్లకింగ్ ద స్ట్రింగ్స్, ద పియానో బై హిట్టింగ్ దెమ్.’ రెండు వాయిద్యాల చరిత్ర రెండు జెరండ్లలో ఉంది.

‘టు’ కూడా ఒక్కోసారి ఈ చిన్న మాటల గుంపులో చేరుతుంది. ‘ఐ యామ్ యూస్డ్ టు ప్లేయింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రిళ్లు వాయించడం నాకు అలవాటే. ‘ఐ యూస్డ్ టు ప్లే ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు రాత్రిళ్లు వాయించేవాణ్ణి. ‘యామ్’ ఉంటే ‘ఇంగ్’, లేకపోతే ‘ఇంగ్’ లేదు. మీ కచేరీ వినాలని ఎదురుచూస్తున్నాను అనడానికి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ యు’. తెలుగులో ‘ఆలని’ ఉన్నా ఇక్కడ ‘ఇంగే’. ఇది మాత్రం నోటికి అలవాటు కావాలి, వేరే దారి లేదు.

అభ్యాసం. ముందు తెలుగు తోక కింద గీత గీయండి, తర్వాతే ఇంగ్లీషు రాయండి.

1. వయొలిన్ శ్రుతి చేయడం తేలిక కాదు.
2. అతను గిటార్ వాయించడం మానేశాడు.
3. తెగిన తీగ మార్చడానికి ఆగాను.
4. కమాను వదులు చేయడం మరచిపోకు.
5. ఆమె నోట్స్ చూడకుండా పియానో వాయించగలదు.
6. ఈ పాట ఇంతకుముందు విన్నట్టు గుర్తుంది.
7. నువ్వు రోజూ సాధన చేయకపోవడం టీచర్‌కు నచ్చలేదు.

ఏడోది రాయడానికి మైండ్ ఉన్న పేరా మళ్లీ ఒకసారి చదవండి. ‘యువర్’, ‘నాట్’ రెండూ పడాలి, ఏది ముందో మీరే తేల్చుకోండి. జవాబులు 7వ పాఠం మొదట్లో ఉంటాయి. అందులో బిగిన్, లైక్, ట్రై సంగతి చూద్దాం. మొదటి రెండూ ‘టు’నీ ‘ఇంగ్’నీ ఒకేలా రానిస్తాయి, ట్రై మాత్రం అలా ఊరుకోదు.