పచ్చికలో మెట్లు: రైడింగ్ మోవర్ ఎగుడుదిగుడుగా కోస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

రైడింగ్ మోవర్, అంటే కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం, ఒక పక్క లోతుగా, ఇంకో పక్క ఎత్తుగా కోస్తోందని ఎవరు ఫోను చేసినా నేను ముందు అడిగేది ఒకటే: ఫొటో తీసి పంపండి. మోవర్‌ది కాదు, పచ్చికది.

మేము ఒహాయోలో కొలంబస్‌కు ఉత్తరాన, ఎకరన్నర స్థలమున్న ఇంట్లో ఉంటాం. మా వారికి గడ్డి పుప్పొడి పడదు కాబట్టి 14 ఏళ్ళుగా కోత పని నాదే. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లను పైనుంచి కప్పి ఉంచే రేకు డొప్ప), దాని కింద రెండు బ్లేడ్లు ఉన్న మోవర్ మాది, వాడినదే కొన్నాం. ఈ మధ్య మన వాళ్ళు చాలామంది టౌన్‌హౌసులు వదిలి ఇలాంటి ఇళ్ళకు మారుతున్నారు. మే నెల వచ్చేసరికి గడ్డి వారానికి రెండుసార్లు కోయవలసినంతగా పెరుగుతుంది. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు: "అక్కా, లాన్ మెట్లు మెట్లుగా ఉంది. డెక్ మార్చాలంటున్నారు." నేను చూసినన్ని మోవర్లలో డెక్ నిజంగా మార్చవలసి వచ్చింది ఒక్కదానికే.

మా నాన్న తెనాలి దగ్గర వరి పండించేవారు. మడి చదునుగా ఉందో లేదో కళ్ళతో చూసి చెప్పేవారు కాదు. నీళ్ళు పెట్టేవారు. ఎక్కడ మెరక తేలిందో, ఎక్కడ నీరు నిలిచిందో చూసి, ఆ తర్వాతే పార పట్టేవారు. మోవర్ విషయంలో ఆ నీళ్ళ పని పచ్చిక చేస్తుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, కోసిన చాళ్ళకు అడ్డంగా నిలబడి చూడండి. ప్రతి చాలు అంచునా మెట్టు ఉండి, ఎప్పుడూ ఒకే పక్క లోతుగా ఉంటే డెక్ ఆ పక్కకు ఒరిగింది. చాలు నడిమధ్యలో మెట్టు ఉంటే రెండు బ్లేడ్లలో ఒకటి కిందికి దిగింది, అంటే బ్లేడో దాన్ని పట్టుకున్న స్పిండిలో వంగింది. మధ్యలో సన్నని గీతలా కోయని గడ్డి మిగిలితే అది ఒరుగుడు కాదు. మొద్దుబారిన బ్లేడ్లు, వదులైన బెల్టు, డెక్ కింద పేరుకున్న గడ్డి, వీటిలో ఏదో ఒకటి. మెరకల మీద మాత్రమే గుండు కొట్టినట్టు మట్టి కనిపిస్తే మోవర్‌లో అసలు లోపమే ఉండకపోవచ్చు. ఇంత తేల్చుకున్నాకే గ్యారేజిలోకి వెళ్ళండి.

అక్కడ మొదట చూడవలసింది టైర్లలో గాలి. ఇది తెలియక నేను రెండు వేసవులు పోగొట్టుకున్నాను. ఎడమ పక్క లోతుగా కోస్తోందని డెక్ నట్లు తిప్పేదాన్ని. ఆ రోజు చక్కగా కోసేది, రెండు వారాలకు మళ్ళీ ఎడమకు దిగేది. వెనక ఎడమ టైరులో సన్నని ముల్లు దిగి గాలి కొంచెం కొంచెంగా పోతోంది. చేత్తో నొక్కి చూస్తే రెండు టైర్లూ ఒకేలా అనిపించేవి. గేజి పెడితే కుడి టైరులో 10 పీఎస్ఐ, ఎడమ దానిలో 6. డెక్ వేలాడేది మోవర్ చట్రానికి. ఒక టైరు మెత్తబడితే చట్రం ఆ పక్కకు వంగుతుంది, దానితోపాటు డెక్ కూడా. పంక్చరు వేయించాక, అప్పటిదాకా నేను తిప్పిన నట్ల పుణ్యమా అని డెక్ కుడి పక్కకు దిగింది! అందుకే గాలి సరిచేయకుండా ఏ నట్టునూ ముట్టుకోవద్దని అంత గట్టిగా చెబుతున్నాను.

మా మోవర్ పుస్తకం ముందు టైర్లకు 14, వెనక వాటికి 10 పీఎస్ఐ పెట్టమంటుంది. మీ పుస్తకం ఎంత అంటే అంత పెట్టండి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. కారు టైర్ల గేజి ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు, తక్కువ ఒత్తిడి కోసం చేసిన గేజి వేరే దొరుకుతుంది.

ఇక డెక్ కిందికి చేయి పెట్టే ముందు తాళం తీసి జేబులో వేసుకోండి, పార్కింగ్ బ్రేకు వేయండి, స్పార్క్ ప్లగ్గు వైరు ఊడదీయండి; రెండు సిలిండర్ల ఇంజిను అయితే రెండు వైర్లూ. మందపాటి తోలు గ్లౌజులు తొడుక్కోండి. రెండు బ్లేడ్లూ ఒకే బెల్టు మీద ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. ఒక చేయి ఇక్కడ, ఇంకో చేయి అక్కడ ఉంచి పని చేయకండి. ముందు భాగం జాకీతో లేపితే కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోవద్దు. ఇక్కడ నేనెవరికీ మినహాయింపు ఇవ్వను.

బ్లేడ్ల దగ్గరకు వద్దాం. పదును పోయిన కొడవలిలాగే మొద్దు బ్లేడు కూడా గడ్డిని కోయదు, చీలుస్తుంది. గడ్డి కొసలు పీచులు పీచులుగా తెల్లబారి కనిపిస్తే పదును పోయినట్టే. దాదాపు 25 గంటల కోతకు ఒకసారి నేను బ్లేడ్లు విప్పి ఆకురాయితో అరగదీస్తాను. పాత వాలునే అనుసరించాలి, కొత్త కోణం పెట్టకూడదు. తర్వాత బ్లేడు నడిమి రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించండి. ఏ కొస కిందికి వాలితే అటు బరువు ఎక్కువ, అక్కడ ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు అదురుతుంది, ఆ అదురుకు బేరింగులు పోతాయి. తిరిగి బిగించేటప్పుడు, బ్లేడు వెనక అంచున పైకి లేచి ఉండే రెక్క డెక్ వైపు, అంటే ఆకాశం వైపు ఉండాలి. ఆ రెక్కే గాలిని పైకి లాగి గడ్డిని నిలబెడుతుంది. ఒక కుర్రవాడు కొత్త బ్లేడ్లు తలకిందులుగా బిగించి, వారం రోజులు ఇంజినును అనుమానించాడు. బోల్టును పుస్తకంలో చెప్పినంత బిగువుతో టార్క్ రెంచితో బిగించండి.

వంగిన బ్లేడును పట్టుకోవడం సులువు. ఒక కొసను డెక్ కుడి అంచుకు తెచ్చి, అక్కడినుంచి గచ్చుకు ఎంత దూరమో కొలవండి. బ్లేడును అర చుట్టు తిప్పి, అదే చోట రెండో కొసను కొలవండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్లు దాటితే బ్లేడు వంగినట్టు. సుత్తితో కొట్టి సరిచేయవద్దు, కొత్తది వేయండి. కొత్త బ్లేడుకు కూడా అదే తేడా వస్తే స్పిండిల్ కడ్డీ వంగింది. మా పెరట్లో సిల్వర్ మేపుల్ చెట్టు వేళ్ళు నేల మీదికి తేలి ఉంటాయి; ఒకసారి వేరుకు తగిలి బ్లేడు, స్పిండిల్ రెండూ పోయాయి. బ్లేడును పట్టుకుని పైకీ కిందికీ కదిపినప్పుడు ఆడుతున్నా, తిప్పితే గరగర శబ్దం వచ్చినా బేరింగు పని అయిపోయినట్టే.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే డెక్ మట్టం. గుంటలు లేని కాంక్రీటు గచ్చు మీద మోవర్ పెట్టి, మీరు మామూలుగా కోసే ఎత్తుకు డెక్ దించండి. రెండు బ్లేడ్లనూ అడ్డంగా, ఒక కొస కుడికి, ఒక కొస ఎడమకు వచ్చేలా తిప్పండి. కుడి చివరి కొస నుంచి గచ్చుకు, ఎడమ చివరి కొస నుంచి గచ్చుకు కొలవండి. కొలవవలసింది కొసనే, డెక్ రేకు అంచును కాదు. పాత డెక్‌ల రేకు ఎక్కడో ఒకచోట వంగే ఉంటుంది. రెండు కొలతల మధ్య 3 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే వదిలేయండి. ఎక్కువైతే డెక్‌ను పట్టి ఉంచే కడ్డీల దగ్గర సర్దుబాటు నట్టు ఉంటుంది. మోవర్‌ను బట్టి అది ఒక పక్కే ఉండవచ్చు, రెండు పక్కలా ఉండవచ్చు. ఒక్కసారి అర చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి. తిప్పాక డెక్‌ను చేత్తో ఒకసారి కదిపి, కుదుటపడ్డాక మళ్ళీ కొలవండి. నాలుగైదుసార్లు కొలిస్తే గానీ కుదరదు, తొందరపడవద్దు. నట్టు తిప్పినా కొలత నిలవకపోతే ఆ కడ్డీల పిన్నులు, రంధ్రాలు చూడండి. పాత మోవర్లలో రంధ్రాలు అరిగి కోలగా మారతాయి.

తర్వాత ముందు వెనకలు. బ్లేడును నిలువుగా తిప్పి ముందు కొసను, వెనక కొసను కొలవండి. ఇక్కడ రెండూ సమానంగా ఉండకూడదు. ముందు కొస కొద్దిగా కిందికి ఉండాలి. మా దానికి 6 మిల్లీమీటర్లు పెడతాను, కొన్నిటికి 3 చాలు, పుస్తకం చూడండి. ముందు భాగం కోసిన గడ్డిని వెనక భాగం మళ్ళీ తాకకుండా పోవాలని ఈ వాలు. వెనక దిగిపోతే బ్లేడు ఒకే గడ్డిని రెండుసార్లు నరుకుతుంది, ఇంజిను మూలుగుతుంది, కోత గరుకుగా వస్తుంది.

నడుమ గీత మిగిలేవారికి డెక్ అడుగు చెక్కమని చెబుతాను. తడి గడ్డి అక్కడ పేడలా పట్టి ఎండితే గాలి ఆడదు, గడ్డి లేచి నిలబడదు. పాత పుట్టీ కత్తితో గీకితే వస్తుంది. బెల్టు అంచులు పీచులు లేచినా, పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నా అది జారుతున్నట్టే, బ్లేడు వేగం పడిపోతుంది. బ్లేడ్లు మార్చినప్పుడు మీ మోడల్‌కు చెప్పిన పొడవే తీసుకోండి. అర అంగుళం తక్కువైనా మధ్యలో గీత వస్తుంది.

డెక్ పక్కన ఉండే చిన్న చక్రాలు నేలను ఆనించి నడవడానికి కాదు. కోత ఎత్తులో ఉన్నప్పుడు అవి నేలకు పావు నుంచి అర అంగుళం పైన ఉండాలి. మెరక వచ్చినప్పుడు మాత్రమే తాకి డెక్‌ను లేపుతాయి. అయినా గుండు పడుతుంటే కోత ఎత్తు పెంచండి. మా లాన్ ఎక్కువగా టాల్ ఫెస్క్యూ అనే రకం గడ్డి, 3.5 అంగుళాల కంటే తక్కువకు నేను కోయను.

నడిపే తీరు కూడా చూసుకోండి. ఇంజిను మీట కుందేలు బొమ్మ దగ్గర, అంటే పూర్తి వేగంలో ఉండాలి. మోవర్ మాత్రం నెమ్మదిగా కదలాలి. శబ్దం భరించలేక చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా నడుపుతారు. గడ్డి తడిగా ఉంటే ఆగండి. ప్రతి చాలూ ముందు చాలు మీదికి మూడు నాలుగు అంగుళాలు ఎక్కాలి. ప్రతి వారం ఒకే దిశలో కోస్తే టైర్ల దారులు పడి, నేలే అలలుగా తయారవుతుంది. ఒక వారం నిలువు, ఒక వారం అడ్డం.

సర్దుబాటు అయ్యాక ఒక్క చాలు కోసి, దిగి, వంగి చూడండి. మా గ్యారేజి గోడ మీద పెన్సిలుతో ప్రతి ఏప్రిల్ కొలతలు రాస్తాను. మొన్న ఏప్రిల్‌వి: గాలి 14, 10, కుడి 89 మిల్లీమీటర్లు, ఎడమ 90, ముందు 86, వెనక 92. ఆగస్టులో ఎడమ కొలత 87కు దిగింది. స్పానర్ తీయలేదు, గేజి తీశాను. వెనక ఎడమ టైరులో గాలి 8కి పడిపోయింది.