ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన పిల్ల కథ తెలుగులో రాయాలంటే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగులో కథలు రాసేవాళ్లెవరైనా అట్లాంటిక్ బానిస వ్యాపారంలో, అంటే ఆఫ్రికా మనుషుల్ని సముద్రం దాటించి అమెరికా ఖండాల్లో అమ్మిన వ్యాపారంలో, చిక్కుకున్న పిల్ల గురించి రాద్దామనుకుంటే, ముందు చెప్పేది ఒకటే: కథని ఓడలో మొదలుపెట్టకండి. అక్కడ మొదలుపెడితే ఆ పిల్ల పాఠకుడికి బానిసగానే పరిచయమవుతుంది, ఆ తర్వాత ఎన్ని పేజీలు రాసినా ఆ ముద్ర పోదు.

ఆమె ఊరితో మొదలుపెట్టండి. ఉత్తినే ఆఫ్రికా అంటే చాలదు, ఏ తీరం, ఏ సంవత్సరం, ఏ పంట అన్నది తేల్చుకోవాలి. 1756లో పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోన్ నుంచి అమెరికాలో సౌత్ కెరొలైనా రేవు చార్లెస్టన్‌కి తెచ్చిన పదేళ్ల పిల్లని ఎలియాస్ బాల్ అనే వరి తోటల యజమాని కొని ప్రిసిల్లా అని పేరు పెట్టాడు. సియెరా లియోన్ వరి పండే చోటు, కెరొలైనా యజమానులకి కావలసింది కూడా వరి పని తెలిసిన మనుషులే. ఇక్కడ గంజాం వాళ్లకి పెద్ద సౌకర్యం ఉంది: దంచడం, చెరగడం, ఊక, తాలు, చిట్టు, ఈ మాటలన్నీ మన ఇళ్లలోవే, వాటిని ధైర్యంగా వాడండి. ఆ పిల్ల తల్లి దగ్గర నేర్చుకున్న పనే సముద్రం అవతల ఆమె ధర అయింది, కథకి ప్రాణం అక్కడే ఉంది.

రంగు గురించి జాగ్రత్త. ఆమె ఊళ్లో అందరిదీ అదే ఒంటి రంగు, కాబట్టి ఆమె దాన్ని గమనించదు, మీరూ బొగ్గుతోనో కాకితోనో పోల్చకండి. ఆమెకి వింతగా కనిపించేది తెల్లవాళ్లు. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయిన ఒలౌడా ఈక్వియానో 1789లో అచ్చయిన తన జీవితకథలో, వాళ్లు తనని తినేస్తారేమోనని భయపడ్డట్టు రాశాడు. పిల్లల భయం అలాగే ఉంటుంది, పెద్దవాళ్ల ఆలోచనలు ఆమె నోట్లో పెట్టకండి.

ఓడలో మగవాళ్లకి సంకెళ్లు, పిల్లల్ని మాత్రం చాలాసార్లు పగలు డెక్ మీద విడిగా వదిలేవాళ్లు. అంటే ఆమె చూడగలదు, వినగలదు, చుట్టూ ఉన్నవాళ్ల భాషలు అర్థంకాక తిప్పలు పడగలదు. మొత్తం ఆ వ్యాపారంలో కోటీ పాతిక లక్షల మందిని ఓడ ఎక్కిస్తే దాదాపు 18 లక్షల మంది దారిలోనే పోయారని చరిత్రకారుల అంచనా. ఈ అంకె మీకోసం, పిల్లకి అది తెలియదు, ఆమెకి తెలిసేది పక్కన పడుకున్న మనిషి పొద్దున లేవకపోవడం.

పాఠకుడిని ఏడిపించడానికి కొరడా దెబ్బలు పేజీలకొద్దీ రాయనక్కర్లేదు. 1761లో బోస్టన్‌లో దించిన ఒక పిల్లకి పాలపళ్లు ఊడుతుండటం చూసి ఏడేళ్లుంటాయని లెక్కగట్టారు, తెచ్చిన ఓడ పేరే ఫిలిస్ అని ఆమెకి పెట్టారు. 1773లో ఆ ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకమే లండన్‌లో అచ్చయింది. ఊడిన ఆ పళ్ల వివరం ఒక్కటి చాలు, గుండె పట్టేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. గోపాల్‌పూర్ నుంచి రంగూన్ వెళ్లిన మన కూలీల బాధ, కోరాపుట్‌లో అప్పు కింద పనిచేసే గోతీల వెట్టి మనకి దగ్గరివి, చెయ్యి అటే పోతుంది. వాటికి వేరే కథలు రాయండి, తప్పకుండా రాయండి, కానీ ఇందులో కలపకండి. అమెరికా బానిసత్వంలో మనిషే ఆస్తి. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే, అప్పు తీరితే పోయేది కాదు.

ముగింపులో ఆమెకి విడుదల ఇవ్వాలనిపిస్తుంది. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో, 1756లో దిగిన పిల్ల అప్పటిదాకా బతకదు. ఆమె పిల్లల కథ దాకా వెళ్లండి, లేదా ఆమె బతికున్న ఏదో ఒక రోజు దగ్గర ఆపండి.