వీధి పిల్లి సంరక్షణ, మూడో పాఠం: కడుపా, జబ్బా?

రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టి పిల్లిని రెండు గజాల దూరం దాకా రప్పించుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ రెండు గజాల నుంచే దాన్ని చూడటం నేర్చుకోవాలి. పొట్ట ఉబ్బిన పిల్లి కనబడగానే చాలామంది ఎత్తుకుని నొక్కి చూస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. లోపల కూనలుంటే వాటికి దెబ్బ తగులుతుంది. గర్భసంచికి చీము పట్టి ఉంటే అది పగిలే ప్రమాదం ఉంది. నొప్పికి కరిచిందా, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడుక్కుని అదే రోజు వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోయి రేబిస్ సూదులు మొదలుపెట్టాల్సిందే.

ముందుగా అది ఆడదేనా అన్నది తేల్చుకోండి. చన్నులు పోతుపిల్లికీ ఉంటాయి. మూడు రంగుల పిల్లి మాత్రం దాదాపు ఎప్పుడూ ఆడదే. చెవి కొస తిన్నగా కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. అప్పుడు పొట్ట ఉబ్బడానికి కారణం జబ్బేనని అనుమానించాలి.

ఇక చన్నులు. తిన్నాక పిల్లి పక్కకు ఒరిగి, కాలు పైకెత్తి పొట్ట నాక్కుంటుంది. చూడాల్సింది ఆ రెండు నిమిషాలే. మామూలుగా చన్నులు వెంట్రుకల్లో కలిసిపోయి కనబడవు. కడుపు నిలిచిన మూడు వారాలకు అవి గులాబీ రంగు తిరిగి, పొడుచుకొచ్చినట్టు అవుతాయి. ఇదివరకు పిల్లలు పెట్టినదానికి చన్నులు కొంచెం పెద్దగానే ఉండిపోతాయి కాబట్టి పరిమాణం కన్నా రంగును నమ్మండి. చన్నుల చుట్టూ వెంట్రుకలు తడిసి, అణిగి, చీకిన గుర్తులు కనబడితే అది పాలిస్తున్న తల్లి. దాన్ని పట్టుకుపోతే ఎక్కడో ఉన్న కూనలు ఆకలితో చచ్చిపోతాయి. పత్తి ఏరి ఇంట్లో పోసుకునే రోజుల్లో ముందు ఆ పత్తి కుప్పలో, తర్వాత సజ్జ మీద, గడ్డివాములో వెతకండి.

పిల్లి కడుపు మోసేది 63 నుంచి 65 రోజులు. ఐదో వారం దాకా పొట్ట పెద్దగా బయటపడదు. ఆ తర్వాత పక్కటెముకల వెనక, రెండు వైపులా, కిందికి దిగినట్టు పెరుగుతుంది. కడుపు పెరిగే కొద్దీ ఆకలి పెరుగుతుంది, వెన్ను మీద కండ తగ్గదు. తేడా పట్టిచ్చేది ఇక్కడే. పొట్ట కుండలా ఉండి, వెన్నెముక పలుపు ముడుల్లా తేలితే అది జబ్బు. ఆరు నెలల లోపు పిల్లి అయితే ఏలికపాములు కావచ్చు. నడిచినప్పుడు పొట్ట నీళ్ల సంచిలా అటూ ఇటూ ఊగితే లోపల నీరు చేరిందేమో చూపించాలి.

అన్నింటికన్నా తొందరపడాల్సింది చీము పట్టిన గర్భసంచి విషయంలో. ఎదకొచ్చి కొన్ని వారాలయ్యాక పిల్లి తిండి మానేసి నీళ్లు మాత్రం తెగ తాగుతుంది, తోక కింద చీమో రక్తపు జిగురో కారుతుంది. గర్భసంచి ముఖం మూసుకుపోతే బయటికి ఏమీ రాదు, అది ఇంకా ప్రమాదం. తెల్లారేదాకా ఆగొద్దు.

పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. 30 సెకన్లలో డొక్క ఎన్నిసార్లు లేచిందో చూసి రెండింతలు చెయ్యండి. 20 నుంచి 30 మామూలు. 40 దాటినా, నోరు తెరిచి రొప్పినా వెంటనే పశువుల దవాఖానకు పోవాలి. పొలాల్లో మందు కొట్టే రోజుల్లో పిల్లికి చొంగ కారుతూ ఒళ్లు అదురుతుంటే పురుగుమందు తగిలిందేమో. చేతులకు గ్లౌజులు వేసుకుని అట్లనే తీసుకుపోండి.

జ్వరమనుకుని పారాసెటమాల్ ఇవ్వొద్దు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. 500 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది. పాలు కూడా వద్దు, చాలా పిల్లులకు విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించి, బొక్కలు తీసిన కోడి మాంసం 3 కిలోల పిల్లికి రోజుకు 120 గ్రాముల వరకు పెట్టొచ్చు. కడుపుతో ఉన్నదని తేలితే వట్టి మాంసంలోని కాల్షియం చాలదు కాబట్టి పిల్లికూనల మేత కలిపి, చివరి వారాల్లో నాలుగైదు విడతలుగా పెట్టండి.

వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాలకు గానీ దగ్గరి దవాఖానకు గానీ తీసుకుపోయినప్పుడు తలుపు దగ్గరే "కడుపుతో ఉండొచ్చు" అని చెప్పండి. మందుల ఎంపిక దాన్ని బట్టే మారుతుంది. నాలుగో వారానికి స్కానింగులో తెలుస్తుంది. 45 రోజులు దాటితే ఎక్స్‌రేలో కూనల ఎముకలు లెక్కపెట్టొచ్చు.

ఈ వారం పని: ఏడు రోజులు, తింటున్న పిల్లిని నిలబడి పైనుంచి ఒక ఫోటో తియ్యండి. గిన్నె ఎప్పుడూ అదే బండ మీద పెట్టండి, బండల సందు గీతే మీకు కొలబద్ద. పక్కన తిన్న గ్రాములు, ఊపిరి లెక్క, చన్నుల రంగు రాసుకోండి. వచ్చే పాఠంలో కాన్పు పెట్టె చేద్దాం. 20 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు అట్టపెట్టె, నాలుగు పాత నూలు చీరలు దొరకబట్టి పెట్టుకోండి.