మాల గోలీలు వేసుకుంటే నెలసరి ఎట్లా మారుతుంది? షీటు దగ్గర పెట్టుకొని చదవండి

నేను నర్సంపేట వైపు ఒక ఊరి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని. గర్భం రాకుండా రోజూ వేసుకునే మాల గోలీలు మొదలుపెట్టిన ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది గర్భం గురించి కాదు, రక్తం గురించి. "సిస్టరక్కా, ఈసారి రెండు రోజులే అయింది, మిగిలిందంతా లోపలే ఆగిందా?" అంటారు. ఈ టెన్షన్‌తోనే చాలామంది షీటు సగంలో పక్కన పడేస్తారు. పత్తి ఏరే రోజుల్లో అట్లా మానేసి, సంక్రాంతి దాటాక కడుపుతో వచ్చినవాళ్లు ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

షీటు చేతిలోకి తీసుకోండి. మేం ఉచితంగా ఇచ్చే మాల-ఎన్ అయినా, మెడికల్ షాపులో కొనే మాల-డి అయినా 28 గోలీలు ఉంటాయి. 21 తెల్లవి, 7 రంగువి. గర్భం రాకుండా ఆపే హార్మోన్లు తెల్లవాటిలోనే ఉన్నాయి. రంగువి ఐరన్ గోలీలు.

మామూలు నెలలో అండం విడుదలవుతుంది, గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది, గర్భం నిలవకపోతే ఆ పొర రక్తంతో కలిసి బయటికి పోతుంది. తెల్ల గోలి అండాన్ని విడుదల కానివ్వదు, పొరను మందం కానివ్వదు. పెరగని పొర ఎక్కడి నుంచి పోవాలి? అందుకే బ్లీడింగ్ తగ్గుతుంది, రోజులు తగ్గుతాయి, చాలామందికి కడుపునొప్పి కూడా తగ్గుతుంది. లోపల ఆగిపోయిన రక్తం అంటూ ఏమీ ఉండదు. "చెడు రక్తం పేరుకుంటుంది" అని అత్తమ్మ అన్నా, పక్కింటి వదిన అన్నా ఆ మాట నిజం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉంది. అలాంటి ఒంటికి నెలనెలా పోయే రక్తం తగ్గడం మేలే.

నెలసరి మొదలైన 5 రోజుల్లోపు మొదటి తెల్ల గోలి వేసుకుంటే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత మొదలుపెడితే, కడుపు లేదని తేల్చుకొని వేసుకోవాలి, 7 రోజులు నిరోధ్ కూడా వాడాలి. రోజూ ఒకే వేళకు వేసుకోండి. రాత్రి అన్నం తిన్నాక వేసుకొమ్మని నేను చెప్తా, ఎందుకంటే పొద్దున కూలికి పోయే హడావుడిలో మరిచిపోతారు. తెల్లవి అయిపోయి రంగువి మొదలైన రెండు, మూడు రోజులకు బ్లీడింగ్ వస్తుంది. 28వ గోలి అయిపోయిన మర్నాడే కొత్త షీటు మొదలుపెట్టాలి. బ్లీడింగ్ ఇంకా అవుతున్నా సరే, ఆగకండి.

మొదటి మూడు నెలలు తెల్ల గోలీలు వేసుకుంటుండగానే మధ్యమధ్య మరకలు కనిపించవచ్చు. ఒళ్లు అలవాటు పడే కాలం అది. భయపడి మానేస్తే బ్లీడింగ్ ఇంకా ఎక్కువవుతుంది, రక్షణ కూడా పోతుంది. మూడు నెలలు దాటినా మరకలు ఆగకపోతే, లేదా బట్టలు తడిసేంత అవుతుంటే చూపించుకోండి. కొన్ని రకాల ఫిట్స్ మందులు, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వాడేవాళ్లకు మాల సరిగా పనిచేయదు. మీరు వాడే మందులన్నీ ముందే మాకు చెప్పాలి.

ఒక తెల్ల గోలి మరిచిపోతే గుర్తు రాగానే వేసుకోండి, ఆ రోజుది మామూలు వేళకే వేసుకోండి. వరుసగా రెండు, అంతకంటే ఎక్కువ మరిచిపోతే ఒక్కటే వెంటనే వేసుకొని, వరుసగా 7 రోజులు గోలీలు వేసుకునేదాకా నిరోధ్ వాడాలి. మరిచినవి చివరి వారం తెల్లవైతే, మిగిలిన తెల్లవి పూర్తిచేసి, రంగువి వదిలేసి, నేరుగా కొత్త షీటులోకి పోండి. మొదటి వారంలో మరిచిపోయి, ఈ మధ్యే భర్తతో కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా మా దగ్గరికి రండి, అత్యవసర గోలి అవసరం పడొచ్చు. రంగువి మరిచిపోతే పర్వాలేదు.

ఒక నెల అసలు బ్లీడింగ్ రాకపోతే? గోలీలు అన్నీ సరిగ్గా వేసుకుంటే కంగారు అక్కర్లేదు, కొత్త షీటు మొదలుపెట్టండి. మధ్యలో మరిచి ఉంటే, లేదా వరుసగా రెండు నెలలు రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోండి. ఆ కిట్ మా దగ్గరే ఉంటుంది.

మేడారం జాతర ముందు "తేదీ జరపడానికి గోలి ఇవ్వు" అని వచ్చేవాళ్లు చాలామంది. మాల వాడుతున్నవాళ్లకు వేరే మందు అక్కర్లేదు. తెల్లవి అయిపోగానే రంగువి వదిలేసి కొత్త షీటులోని తెల్లవి మొదలుపెడితే ఆ నెల బ్లీడింగ్ సాధారణంగా రాదు, కొద్దిగా మరక పడొచ్చు, అంతే. మాల వాడనివాళ్లకు డాక్టర్లు ఇచ్చేది నోరెథిస్టెరాన్. అది తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, మానేసిన రెండు, మూడు రోజులకు నెలసరి వస్తుంది. గర్భం రాకుండా అది ఆపదు. జాతర బస్సు ఎక్కేముందు షాపులో అడిగి కొనుక్కోకండి, డాక్టర్‌ను అడిగే వాడండి.

గర్భం రాకుండా వాడే ఇంకో గోలి ఛాయ, దాని సంగతి వేరు. అందులో హార్మోన్ లేదు. మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. దీంతో కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది, 15 రోజులు దాటితే పరీక్ష చేసుకోవాలి.

మాల అందరికీ పడదు. బీపీ ఎక్కువున్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లు, రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, ఆరు నెలల్లోపు పాలిచ్చే తల్లులు వాడకూడదు. వాడుతుండగా పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా గోలీలు ఆపి ఆసుపత్రికి పోండి.

పిల్లలు కావాలనుకుంటే చేతిలో ఉన్న షీటు పూర్తిచేసి ఆపండి. ఎన్నేళ్లు వాడినా మాల గొడ్రాలిని చేయదు. మొదటి నెలసరి రాకముందే కూడా గర్భం నిలవొచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు నెలసరి దారిన పడుతుంది, అప్పటికీ రాకపోతే మా దగ్గర మూత్ర పరీక్ష చేయించుకొని డాక్టర్‌కు చూపించుకోండి.