ఎండలు ముదిరేలోపే నాటుకోడిని పొదగేయండి

ఇంటి ముందు కాస్త జాగా, నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటే కోడిపిల్లల కోసం గుడ్లు పొదిగే మెషీన్ కొనక్కర్లేదు, నాటుపెట్ట ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. ముందు కాలం చూసుకోండి. మన నల్లగొండ, పాలమూరు దిక్కు దీపావళి నుంచి శివరాత్రి దాకా పొదగేస్తే పిల్లలు బాగా దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండ కాస్తుంటే, గుడ్డు ఇంకా కోడి కిందికి పోకముందే లోపల పిండం కొంచెం పెరిగి ఆగిపోయి చచ్చిపోతుంది. తప్పు కోడిది అనుకుని దాన్ని తిడుతుంటారు చాలామంది!

గ్రామప్రియ, వనరాజా కోళ్లు గుడ్లు బాగానే పెడతాయి గానీ పొదుగుకు కూర్చోవడం అరుదు. అవి రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రంలో తయారైన రకాలు, ఆ గుణాన్ని తగ్గించే పెంచారు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టొచ్చు, పిల్లలు అవుతాయి, కాకపోతే ఆ పిల్లలు పెద్దయ్యాక తల్లి అంత గుడ్లు పెడతాయని ఆశ పెట్టుకోవద్దు.

గుడ్లు పోగేయడంలోనే సగం పని ఉంది. వారం దాటిన గుడ్డు పొదుగుకు వద్దు, ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజులకు మించనివ్వకండి. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డు కూడా వద్దు. వెడల్పాటి గిన్నెలో ఇసుక పోసి తడిపి, ఆ ఇసుకలో చిన్న మట్టికుండను సగం దాకా దించి, కుండలో గుడ్లను సన్నటి కొస కిందికి ఉండేలా సర్ది, పైన పాత నూలుగుడ్డ కప్పి ఇంట్లో చల్లటి మూలన పెట్టండి. పొద్దున, సాయంత్రం ఇసుక మీద నీళ్లు చిలకరిస్తే చాలు. గుడ్డు మాత్రం తడవకూడదు, కడగనూ కూడదు. రెట్ట అంటింది, మరీ పొడుగ్గా ఉన్నది, పెంకు పలచగా ఉన్నది కూరకు తీసేయండి.

పెట్ట ఈకలు ఉబ్బించి, దగ్గరికి పోతే గుర్రుమంటూ, చెయ్యి పెడితే పొడుస్తూ, రాత్రి కూడా గూట్లోనే ఉంటే అది పొదుగు మీదికి వచ్చినట్టు. అయినా తొందరపడకండి, రెండు రాత్రులు అక్కడే కూర్చుంటేనే నమ్మాలి. పాత గంపలోనో తట్టలోనో అడుగున ఇసుక, బూడిద కలిపి పోసి, పైన వరిగడ్డి వేసి, మధ్యలో పిడికిలితో నొక్కి గుంట చేయండి. గుంట లేకపోతే గుడ్లు పక్కకు దొర్లి చల్లారిపోతాయి. గడ్డి కింద గుప్పెడు వేపాకు, సీతాఫలం ఆకు వేస్తే కోడి పేన్లు తగ్గుతాయి. బాలానగర్ సీతాఫలం పుట్టిన పాలమూరు జిల్లాలో ఆ ఆకుకు కరువేముంది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుప ముక్క పెడతారు, గుడ్లు బేసి లెక్కలో ఉండాలంటారు. పెడితే పోయేదేమీ లేదు, పెద్దవాళ్లతో వాదన ఎందుకు.

పెట్ట సైజును బట్టి పది నుంచి పన్నెండు గుడ్లు, అవి కూడా చీకటి పడ్డాక పెట్టండి. ప్రతి గుడ్డు మీద బొగ్గుతో ఒక గీత గీయండి, ఎందుకంటే పక్క పెట్టలు వచ్చి అదే గంపలో గుడ్లు పెట్టిపోతాయి, గీత లేనివి ఏరోజుకారోజు తీసేయాలి. రోజుకోసారి పెట్ట లేచి వస్తుంది, అప్పుడు జొన్నలు, నీళ్లు, పొర్లడానికి కాస్త బూడిద దగ్గర్లో ఉండాలి. పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉంటే గుడ్లకు ఏమీ కాదు. అస్సలు లేవకపోతే మీరే ఎత్తి కిందకు దించండి.

ఏడో రోజు రాత్రి లైట్లు ఆర్పేసి పరీక్ష చేయండి. అట్టముక్కకు చిన్న చిల్లు పెట్టి, వెనక ఫోన్ టార్చ్ పట్టుకుని, గుడ్డు లావు కొసను చిల్లుకు ఆనించి చూడండి. మధ్యలో నల్లచుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే లోపల పిల్ల ఉంది. లోపల అంతా స్వచ్ఛంగా వెలుగుతుంటే పుంజు తొక్కని గుడ్డు. ఎర్రటి వలయం ఒక్కటే ఉండి నరాలు లేకపోతే పిల్ల మధ్యలోనే చచ్చింది, తీసేయండి, లేకపోతే ఆ గుడ్డు మురిగి పగిలి మిగతావాటినీ పాడుచేస్తుంది. 18వ రోజు తర్వాత గంప జోలికే పోవద్దు. 21వ రోజు పెంకు పగులుతుంటే చెయ్యి పెట్టి సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి, రక్తం కారి పిల్ల చచ్చిపోతుంది.

పుట్టిన పిల్లకు ఒక రోజు దాకా మేత అక్కర్లేదు, పొట్టలో సొన ఉంటుంది. ముందు లోతు లేని మూకుట్లో నీళ్లు, తర్వాత నూకలు, రాగులు, ఉడికించి చిదిమిన గుడ్డు. చెదలు దొరికితే అంతకంటే మంచి మేత లేదు. కుండలో పేడ, ఎండుగడ్డి, గోనె ముక్క కుక్కి, తడిపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా ఉంటాయి. గద్ద భయం ఉంటే మొదటి రెండు వారాలు తల్లిని, పిల్లలను గంప కిందే ఉంచి, నీడను బట్టి గంప జరుపుతూ ఉండండి.

కొక్కెర తెగులు (రాణీఖేత్) వచ్చిందంటే ఊరంతా కోళ్లు పోతాయి, అందుకే టీకా విషయంలో బద్ధకం వద్దు. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, 8 వారాలకు రెక్క కింద ఆర్2బి అనే టీకా సూది. ఒక్కో సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి వాడకట్టులో నలుగురిని పోగుచేసుకుని ఒకేరోజు వేయించండి. పశువుల దవాఖాన నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ముక్కలున్న ఫ్లాస్కులోనే తేవాలి. నలతగా ఉన్న పిల్లకు టీకా వేయొద్దు.

రెండు నెలలు వచ్చేసరికి తల్లే పిల్లలను పొడిచి తరుముతుంది. ఇక అవి నేరుగా మీ కూరగాయ మడి మీద పడతాయి. పత్తి తీసేశాక చేలో మిగిలిన కట్టెను కాల్చేయకుండా తెచ్చి, పాతిన గుంజల మధ్య ఒకటి లోపలికి, ఒకటి బయటికి అల్లుకుంటూ పోతే నడుమెత్తు దడి అవుతుంది, దాని మీద తుమ్మకంప పరిస్తే కోళ్లు దూకవు. గూట్లోని రెట్ట, ఊక మాత్రం తాజాగా మొక్కల మొదట్లో వేయకండి, వేళ్లు మాడతాయి. ఆకు అలముతో కలిపి రెండు మూడు నెలలు కుప్పలో మాగనిచ్చాకే వంగకూ మిరపకూ వేయండి.