‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అంటోందా? ముందు సోర్సెస్ ఫైల్ తెరవండి

అనంతపురం చుట్టుపక్కల కాలేజీ ల్యాబులకు ఉబుంటు వేయడం, పాడైతే బాగుచేయడం నా పని. తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది: "సార్, ఏం ఇన్‌స్టాల్ చేద్దామన్నా ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అంటాంది. కింద ‘యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అంటాంది. ఫార్మాట్ కొట్టేద్దామా?"

వద్దప్పా, ఆగు. ముందు నాలుగు చోట్ల చూద్దాం.

టెర్మినల్, సుడో అంటే ఏమిటో తెలిసినవాళ్ళ కోసమే ఇది. ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము. డిపెండెన్సీ అంటే ఒక ప్యాకేజీ పనిచేయాలంటే తోడుగా ఉండాల్సిన ఇంకో ప్యాకేజీ. సోర్సు అంటే ఆప్ట్ వాటిని తెచ్చుకునే చోటు, ఆ చోట్ల జాబితా ఉండేదే సోర్సెస్ ఫైల్. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

అప్‌డేట్ కొట్టడం కాదు, వచ్చింది చదవాలి

‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టావా అంటే అందరూ కొట్టామనే చెప్తారు. ఏమొచ్చింది అని అడిగితే జవాబుండదు. ఒక్కో లైను మొదట్లో ఒక మాట ఉంటుంది. ‘హిట్’, ‘గెట్’ అని ఉంటే ఆ సోర్సు బాగున్నట్టు. ‘ఎర్’ అని ఉంటే అక్కడే ఆగిపోవాలి. ఒక సోర్సు జాబితా రాకపోయినా ఆప్ట్ ఊరుకోదు, తన దగ్గరున్న పాత జాబితాతోనే లెక్కలు వేస్తుంది. ఆ లెక్కలు కుదరవు. మీకు కనిపించేది మాత్రం డిపెండెన్సీ ఎర్రర్.

ఆ ‘ఎర్’ లైనులో 404 ఉంటే మీ ఉబుంటు వెర్షన్‌కు కాలం చెల్లిందేమో చూడండి. ఆరు నెలలకోసారి వచ్చే వెర్షన్లకు సపోర్టు 9 నెలలే. ఆ తర్వాత వాటి ప్యాకేజీలను ‘ఓల్డ్ రిలీజెస్’ సర్వర్‌కు మార్చేస్తారు. ల్యాబులో అలాంటివి వేయడమే తప్పు, ఎక్కువ ఏళ్ళు సపోర్టు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ వేసుకోండి.

‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్’ అని ఉంటే గడియారం చూడండి. ఎండాకాలం సెలవులయ్యాక ల్యాబు తెరిస్తే పాత మిషన్లలో ఇది మామూలే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, కరెంటు తీసి పెట్టగానే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. నెట్ నుంచి టైము దానంతటదే సరి కావాలి కానీ, కాలేజీ ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తే కాదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే ఆప్ట్ కూడా దారికొస్తుంది.

మధ్యలో కరెంటు పోయిందా?

అప్‌గ్రేడ్ నడుస్తుండగా కరెంటు పోతే ‘డీప్యాకేజ్ వాజ్ ఇంటరప్టెడ్’ అని వస్తుంది. డీప్యాకేజ్ (కొట్టేటప్పుడు డీ, పీ, కే, జీ అక్షరాలు) అంటే ఆప్ట్ కింద ఉండి అసలు ఇన్‌స్టాల్ పని చేసేది. ఏం కొట్టాలో ఆ మెసేజీలోనే ఉంటుంది: ‘సుడో డీప్యాకేజ్ డబుల్-హైఫన్ కాన్ఫిగర్ హైఫన్-ఏ’. తర్వాత ‘సుడో ఆప్ట్ డబుల్-హైఫన్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. అంతే.

‘కుడ్ నాట్ గెట్ లాక్’ అంటే ఇంకొకటేదో ఇన్‌స్టాల్ పని చేసుకుంటోందని అర్థం. ఎక్కువసార్లు అది సిస్టమ్ తనంతట తాను చేసుకునే సెక్యూరిటీ అప్‌డేటే. ఉగ్గాని బజ్జీ తిని రండి, ఈలోపు అయిపోతుంది. లాక్ ఫైలును డిలీట్ చేయమని చెప్పేవాళ్ళ మాట వినకండి. నడుస్తున్న పనిని మధ్యలో తెంపితే, లేని జబ్బును తెచ్చి పెట్టుకున్నట్టే.

డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైలును (విడి ప్యాకేజీ ఫైలును) ‘డీప్యాకేజ్ హైఫన్-ఐ’తో వేసి ఇరుక్కుంటే, ఫిక్స్-బ్రోకెన్ దాన్నీ సరిచేస్తుంది. ఈసారి నుంచి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ తర్వాత చుక్క, స్లాష్ పెట్టి ఫైలు పేరివ్వండి. కావాల్సిన డిపెండెన్సీలను ఆప్టే తెచ్చుకుంటుంది.

నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టింది ఇదే

ఇంతవరకు అన్నీ బాగున్నాయి. అప్‌డేట్‌లో ఒక్క ‘ఎర్’ కూడా లేదు, ఫిక్స్-బ్రోకెన్ కొడితే చేయడానికేమీ లేదంటోంది. అయినా సీ ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి కావాల్సిన ‘బిల్డ్-ఎసెన్షియల్’ ఇన్‌స్టాల్ కాదు. స్క్రీన్ మీద ఇలా ఉంటుంది: ‘లిబ్‌సీ6-డెవ్ డిపెండ్స్ లిబ్‌సీ6 = 2.35-0ఉబుంటు3, బట్ 2.35-0ఉబుంటు3.8 ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్’. చివర్లో ఆ ‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ లైను. లిబ్‌సీ6 అంటే సీ లైబ్రరీ, లిబ్‌సీ6-డెవ్ అంటే ప్రోగ్రాములు కంపైల్ చేసేటప్పుడు కావాల్సిన దాని జత ప్యాకేజీ.

‘హెల్డ్’ అనే మాట చూసి అందరూ దారి తప్పుతారు. ఎవరో ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టారనుకుని ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ కొడతారు, ఏమీ రాదు. ఎవరూ ఏదీ హోల్డ్ చేయలేదు కాబట్టే రాదు. మీరడిగిన ప్యాకేజీని వేసే దారి దొరకలేదని ఆప్ట్ చెప్పే తీరు అది.

నా సంగతి చెప్తాను. ఊరికి కాస్త దూరంగా ఉన్న ఒక కాలేజీలో 40 మిషన్లకు ఉబుంటు 22.04.5 వేసిచ్చాను. అన్నీ చక్కగా పనిచేశాయి. కొన్ని వారాలకు సీ ల్యాబు మొదలైంది, ఏ మిషన్లోనూ జీసీసీ (సీ కంపైలర్) ఇన్‌స్టాల్ కావడం లేదని ఫోన్. వెళ్ళి పైన చెప్పినవన్నీ చూశాను. సోర్సెస్ ఫైల్ ఒక్కటి మాత్రం తెరవలేదు. నేనే పెట్టిన ఫైలు కదా, అందులో ఏముంటుందిలే అనుకున్నాను. రెండో రాత్రి విసుగొచ్చి, ఎక్కడో చదివింది నమ్మి, ఒక మిషన్లో 24.04 తాలూకు ‘నోబుల్’ లైను చేర్చాను. లిబ్‌సీ 2.35 పోయి 2.39 వచ్చింది, దాని వెంట ఇంకా ఏవేవో వచ్చాయి. రీస్టార్ట్ చేస్తే లాగిన్ స్క్రీనే రాలేదు. సగం ఆ వెర్షన్, సగం ఈ వెర్షన్ అయిన సిస్టమ్‌ను బాగుచేయడం కంటే కొత్తగా వేసుకోవడమే సుఖం. అదే చేశాను.

పొద్దున ల్యాబు చూసుకునే తమ్ముడు టీ తెచ్చి మామూలుగా అన్నాడు: "అప్‌డేట్లు ఆపేసినా సార్, డేటా అంతా అయిపోతాంది."

ఎట్లా ఆపినాడో చూద్దామని సోర్సెస్ ఫైల్ తెరిస్తే, ‘జామీ-అప్‌డేట్స్’, ‘జామీ-సెక్యూరిటీ’ లైన్ల ముందు హ్యాష్ గుర్తు. జామీ అంటే 22.04కు ఉబుంటు పెట్టిన పేరు, హ్యాష్ ఉన్న లైనును ఆప్ట్ పట్టించుకోదు. ఒట్టి ‘జామీ’ లైను మాత్రం అలాగే ఉంది. మొత్తం గొడవ అదే.

ఎందుకంటే, 22.04 మొదట 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఒట్టి ‘జామీ’ సోర్సులో ఉండేవి ఆ రోజు నాటి ప్యాకేజీలే, అవి మారవు. తర్వాత సరిచేసినవన్నీ అప్‌డేట్స్, సెక్యూరిటీ సోర్సుల్లోకి వస్తాయి. 22.04.5 పెన్‌డ్రైవ్‌తో వేస్తే అలా సరిచేసిన కొత్త లిబ్‌సీయే మిషన్లోకి ఎక్కుతుంది. ఆ సోర్సులు ఆపేశాక డెవ్ ప్యాకేజీ అడిగితే, ఆప్ట్‌కు దొరికేది 2022 నాటిది ఒక్కటే. డెవ్ ప్యాకేజీకేమో తన జత లిబ్‌సీ చివరి అంకె దాకా అదే ఉండాలి, ఆ సమానం గుర్తు అందుకే. ఉన్నది 3.8, కావాల్సింది 3. కొత్తదాన్ని దించి పాతది పెట్టమంటే ఆప్ట్ తనంతట తాను పెట్టదు.

దీన్ని పట్టేది ఒక్క కమాండ్: ‘ఆప్ట్ పాలసీ లిబ్‌సీ6’. అందులో మూడు నక్షత్రం గుర్తులున్న లైను ఇప్పుడు మిషన్లో ఉన్న వెర్షన్. దాని కింద 500 అంకెతో ఏదైనా వెబ్ అడ్రసు ఉంటే, ఆ వెర్షన్ మీ సోర్సుల్లో ఉన్నట్టు. 100 అంకె, ‘డీప్యాకేజ్ స్టేటస్’ మాత్రమే ఉంటే, అది మిషన్లో ఉంది కానీ మీ సోర్సుల్లో ఎక్కడా లేదు. ఈ ఒక్కటి ఆ మొదటి రాత్రే కొట్టి ఉంటే నేను ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి.

సరిచేయడానికి రెండు నిమిషాలు. ఆ హ్యాష్‌లు తీసేయండి, అప్‌డేట్ కొట్టండి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. లిబ్‌సీ, దాని డెవ్ రెండూ కలిసి కొత్త వెర్షన్‌కు వెళ్తాయి. 24.04లో ఈ లైన్లు ‘ఉబుంటు డాట్ సోర్సెస్’ అనే ఫైల్లో ఉంటాయి. అక్కడ ‘సూట్స్’ అన్న చోట ‘నోబుల్’ పక్కన ‘నోబుల్-అప్‌డేట్స్’ ఉండాలి, ‘నోబుల్-సెక్యూరిటీ’ కింద విడిగా ఉండాలి. లిబ్‌సీని బలవంతంగా కిందికి దించే ప్రయత్నం మాత్రం చేయకండి. సిస్టమ్‌లో దాదాపు ప్రతిదీ దాని మీదే నిలబడి ఉంటుంది.

డేటా గురించి ఆ తమ్ముడు పడిన బాధ నిజమే, అతన్ని ఏమీ అనలేదు. దానికి దారి వేరే ఉంది. ఒక మిషన్లో ‘ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ’ వేసి, మిగతావాటి ఆప్ట్ సెట్టింగుల్లో ప్రాక్సీగా దాని ఐపీ, పోర్టు 3142 ఇస్తే చాలు. ఏ ప్యాకేజీ అయినా నెట్ నుంచి ఒక్కసారే వస్తుంది, మిగతా 39 మిషన్లకు ల్యాబు వైర్ల మీదుగానే వెళ్తుంది.

ఇదే జబ్బుకు ఇంకో రూపం పీపీఏ, అంటే ఉబుంటు సొంతం కాని, బయటివాళ్ళు పెట్టే సోర్సు. కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఉబుంటు బయటి సోర్సులను ఆపేస్తుంది, వాటినుంచి వచ్చిన ప్యాకేజీలు మాత్రం లోపలే ఉండిపోతాయి. ‘ఆప్ట్ లిస్ట్’ తర్వాత కోట్స్‌లో టిల్డ్, ఓ పెట్టి కొడితే ఏ సోర్సులోనూ లేని అనాథ ప్యాకేజీలన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి తీసేయండి. పీపీఏ మొత్తం వద్దనుకుంటే ‘పీపీఏ-పర్జ్’ వాడితే ఉబుంటు వెర్షన్లు తిరిగొస్తాయి, కాకపోతే అది నడిచేటప్పుడు ఆ పీపీఏ ఆన్‌లో ఉండాలి.

మిగతావి

‘కెప్ట్ బ్యాక్’, ‘ఫేజింగ్’ అని వస్తే అది ఎర్రరే కాదు. ఎక్కువసార్లు అప్‌డేట్‌ను ఉబుంటు కొద్దికొద్దిమందికి వదులుతుండడమే కారణం, మీ వంతు వస్తుంది. 32 బిట్ ప్యాకేజీ అడుగుతుంటే ఐ386 ఆర్కిటెక్చర్ చేర్చాలి. సిస్టమ్ పైథాన్‌ను మార్చి ‘ఆప్ట్_పీకేజీ’ ఎర్రర్ తెచ్చుకుంటే, మార్చింది మళ్ళీ వెనక్కి పెట్టండి. ఆప్ట్ మిమ్మల్ని ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని టైప్ చేయమంటే చేయకండి, అది సిస్టమ్‌కు ప్రాణమైన ప్యాకేజీనే తీసేయబోతోంది.

వీటిలో ఏదీ కాకపోతే, ‘ఆప్ట్ పాలసీ’ చూపించింది మొత్తం కాపీ చేసి పంపండి. దయచేసి ఫోన్‌తో స్క్రీన్‌ను ఫోటో తీసి పంపొద్దు. నాకు కావాల్సింది వెర్షన్ చివర ఉన్న ఆ ఒక్క అంకె, ట్యూబ్‌లైటు వెలుతురు ఎప్పుడూ సరిగ్గా దాని మీదే పడుతుంది.